మంచుపారల కంపెనీలో పెద్దబాతుల డాక్టరు

పెద్దబాతుల గుంపు నేల మీద మేస్తూ మేస్తూ ఒక్కసారిగా గాలిలోకి లేస్తుంది కదా, ఆ లేచే క్షణాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది ఓరెస్ట్ కోస్టినిక్ చదివిన చదువు. దాని కోసం అతను తన యవ్వనమంతా రెల్లు దుబ్బుల్లో, ఆకుపచ్చ గుడ్డతో కట్టిన చిన్న గుడారంలో, మడత స్టూలు మీద గడిపాడు. చివరికి తేల్చింది ఇది. ముందు ఒక బాతు తల విదిలిస్తుంది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత నాలుగైదు. విదిలించే తలలు తగినన్ని కాగానే గుంపంతా లేస్తుంది. అందులో పెద్ద ఎవరూ లేరు. దీనికి అతనికి డాక్టరేటు ఇచ్చారు. అటు తర్వాత చాలా ఏళ్లు ఏడాదికో కాగితం మీద ఉద్యోగం పొడిగిస్తూ వచ్చిన యూనివర్సిటీవాళ్లు ఒక వేసవిలో పొడిగించడం మానేశారు. అతను బాతుల లెక్కలు చూసుకునే గదిలో విద్యార్థులు మధ్యాహ్నం కునుకు తీయడానికి పరుపులు వేశారు. ఓరెస్ట్ తన స్టూలూ గుడారమూ కారులో వేసుకుని కెనడాలో మంచు బాగా పడే మా ఊరు రిజైనాలో ఉన్న అక్క హాలియా ఇంటికి వచ్చి, నేల కింది గదిలో దిగాడు.

ఉద్యోగాలు చూపించే ఆఫీసులో ట్రేసీ అనే ఆవిడ అతని కేసు తీసుకుంది. అక్కడ జరిగింది అతనే నాకు తర్వాత చెప్పాడు.

"నీకు ఏమేం పనులొచ్చో చెప్పు" అందట ట్రేసీ.

"పెద్దబాతుల్ని చూడ్డం."

"చూసి?"

"చూసింది రాసుకోవడం."

"రాసుకుని?"

"నేననుకున్నది తప్పని తెలుసుకోవడం."

ట్రేసీ టైపు చేస్తున్న చేతులు ఆపేసింది. "ఈ మాట బయట ఎక్కడా అనకు బాబూ" అని, డాక్టరేటు ఉన్న పంక్తిని కొట్టేసి, దాని చోట ఒక వాక్యం పెట్టింది. 'రెండు వందలకు పైగా సభ్యులున్న బృందాన్ని ఏళ్ల తరబడి ఆరుబయట కఠిన వాతావరణంలో పర్యవేక్షించారు.'

"ఇందులో అబద్ధం ఏమన్నా ఉందా?"

"లేదు గానీ..."

"ఆ 'గానీ' మానెయ్" అంది ట్రేసీ.

ఆ వాక్యం మా కంపెనీకి చేరింది. మాది మంచు ఎత్తిపోసే పారలు చేసే కంపెనీ. యజమాని లోవెల్ ప్రిట్చార్డ్, వాళ్ల తాత పెట్టిన కంపెనీని తండ్రి చేతుల మీదుగా అందుకున్నాడు. నేను సరుకు పంపకాలు చూస్తాను. ఓరెస్ట్ ఇంటర్వ్యూ నా గదిలోనే జరిగింది, ఎందుకంటే ఆ జనవరిలో హీటరు పనిచేస్తున్న గది అదొక్కటే. నేను పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాను, వాళ్లు నా బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు.

"రెండు వందల మందా!" అన్నాడు లోవెల్. "అంతమందిని ఎలా తట్టుకున్నావయ్యా? నీ మాట వినేవాళ్లా?"

"ఒక్కటీ వినేది కాదండీ" అన్నాడు ఓరెస్ట్ నిజాయితీగా.

లోవెల్ ముఖం వెలిగిపోయింది. "మా అమ్మకాలవాళ్లూ అంతే! ఒక్కటీ వినదు. ఊరికే అరుపులు."

"అరుపులంటే అరుపులు కాదు. మనుషుల మీదకి కూడా వస్తాయి."

"వస్తాయి, వస్తాయి. మరి నీ బృందం ఏమైంది?"

"చలికాలం రాగానే దక్షిణానికి వెళ్లిపోయింది."

"అరిజోనాకా?"

"కొన్ని అటూ వెళ్తాయి."

"చలి తట్టుకోలేక మా బావమరిది కూడా అక్కడే ఇల్లు కొన్నాడు" అని నిట్టూర్చి, లోవెల్ లేచి అతని చేయి పట్టుకుని ఊపేశాడు. ఓరెస్ట్ అమ్మకాల విభాగానికి పెద్ద అయ్యాడు.

పెద్దగా ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అడగడానికి సిగ్గుపడి, తనకు వచ్చిందే చేశాడు. మడత స్టూలు తెచ్చుకుని అమ్మకాల గదిలో ఒక మూల కూర్చున్నాడు. కదలలేదు, మాట్లాడలేదు. పొద్దున వచ్చి సాయంత్రం దాకా వాళ్లను చూస్తూ ఉండేవాడు. ఎవరైనా దగ్గరికి వస్తే చూపు కొంచెం పక్కకు తిప్పి, వాళ్లు బెదరకుండా నిదానంగా ఊపిరి తీసేవాడు.

అమ్మకాల గదిలో ఫెర్న్ అని ఒకావిడ ఉంది. ఎవరి గుట్టయినా ఆమెకు సాయంత్రంలోగా తెలిసిపోతుంది. మూడో రోజున ఆమె నా దగ్గరికి వచ్చి, "బెర్నీస్, అతను ఏమంటున్నాడు మా గురించి?" అంది.

"ఏమీ అనడం లేదు."

"అదే కదా భయం! అంత చదువుకున్నవాడిలా ఉన్నాడు, ఒక్క ముక్క మాట్లాడడు. టొరంటో పద్ధతేమో ఇది."

భయంతో వాళ్లు ఫోనుల్లో మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టారు. అమ్మకాలు పెరిగాయి. లోవెల్ తలుపు సందులోంచి చూసి మురిసిపోయేవాడు. ఓరెస్ట్ మాత్రం నా గదికి వచ్చి తల పట్టుకునేవాడు.

"నన్ను ఎప్పుడో పట్టేసుకుంటారు బెర్నీస్. నాకేమీ రాదు. నేను ఊరికే చూస్తున్నానంతే."

"ఇక్కడ ఊరికే చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు జీతం కూడా పెంచమంటారు. నువ్వు నయం" అన్నాను.

మార్చిలో ఫెర్న్ కంప్యూటరులో అతని పేరు వెతికింది. తల మీద పెద్దబాతు నిలబడి ఉన్న అతని ఫోటో దొరికింది. మధ్యాహ్నానికి ఆ ఫోటో ముద్రించి కాఫీ గదిలో అతికించారు. లోవెల్ అతన్ని పిలిపించాడు. మాటలు గోడ ఇవతలకి కూడా వినిపించాయి.

"బాతులా? రెండు వందల బాతులా?"

"అవునండీ. నేను మనుషులని ఎక్కడా అనలేదు."

"జీతాలెలా ఇచ్చేవాడివని నేను అడక్కపోవడం నా తప్పే" అన్నాడు లోవెల్. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే గానీ, ఒక సంగతి చెప్పు. బాతుల గురించి నీకు నిజంగా తెలుసా?"

లోవెల్‌కు పెద్దబాతులంటే ప్రాణభయం. మా కార్లు ఆపే చోట ప్రతి ఏప్రిల్‌లో ఒక జంట గూడు పెడుతుంది, సరిగ్గా అతని కారు నిలిపే గడి పక్కనే. ఆడది గుడ్లు పొదుగుతుంటే మగది కాపలా. కిందటేడు ఆ మగపక్షి దెబ్బకి ఆయన సామాను గది కిటికీలోంచి ఆఫీసుకి రాకపోకలు సాగించాడు. కాబట్టి ఓరెస్ట్‌ను తీసేయలేదు. నారింజ రంగు చొక్కా తొడిగి కార్ల చోట నిలబెట్టారు. అవమానమని నేను ఉడికిపోయాను. ఓరెస్ట్ మాత్రం తేలికపడ్డాడు.

"నాకొచ్చిన పని ఇదొక్కటే కదా" అన్నాడు.

లోవెల్‌కు అతను నేర్పింది సులువే. "వీపు చూపించకండి. పరిగెత్తకండి. దాని కళ్లలోకి చూస్తూ, అరవకుండా, మెల్లగా వెనక్కి నడవండి." రెండు రోజుల్లో లోవెల్ తన కారు దాకా వెళ్లగలిగాడు. ఆ తర్వాత బ్యాంకు మేనేజరు గదిలోంచి కూడా అలాగే వచ్చానని నాతో గర్వంగా చెప్పుకున్నాడు.

ఇంతలో కంపెనీకి పెద్ద కష్టం వచ్చి పడింది. పారలు విరిగిపోతున్నాయని ఆ చలికాలమంతా కుప్పలు తెప్పలుగా వెనక్కి వచ్చాయి. లోవెల్ టొరంటో నుంచి గ్రేడన్ ఫిస్క్ అనే సలహాదారుణ్ణి రప్పించాడు. పదును పెట్టిన పెన్సిల్‌లా ఉండేవాడు ఫిస్క్. వినియోగదారులకు ఫోన్లు చేయించి, లెక్కలు తీసి, మే చివర్లో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి గోడ మీద లెక్కల గీతల బొమ్మ వేసి చూపించాడు. నీలం పిడి పారలు ఆకాశమంత ఎత్తున విరిగాయి. నారింజ పిడి పారలు ఒకటీ అరా తప్ప విరగనే లేదు.

"పార ఒకటే. రేకు ఒకటే. తేడా రంగు" అన్నాడు ఫిస్క్. "నారింజ రంగు మనసును ఉల్లాసపరుస్తుంది. ఉల్లాసంగా ఉన్న చేయి పారను మృదువుగా పట్టుకుంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఫెర్న్ అయితే తనకు నారింజ రంగు చూస్తే భుజాల నొప్పి తగ్గుతుందని అక్కడికక్కడే సాక్ష్యం చెప్పింది. లోవెల్ రంగుల దుకాణానికి అప్పుడే ఫోను కలిపాడు.

సరిగ్గా అప్పుడు ఓరెస్ట్ తలుపు తోసుకుని వచ్చాడు. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయనీ, పిల్లలతో జంట చెరువు దాకా నడిచి వెళ్లేవరకు కార్లు తీయొద్దనీ చెప్పడానికి వచ్చాడు. చెప్పబోతూ గోడ మీది బొమ్మ చూసి ఆగిపోయాడు. తల కొంచెం పక్కకు వంచాడు.

"నారింజవి ఎక్కడ అమ్మారు?" అన్నాడు.

"ఏంటి?" అన్నాడు ఫిస్క్.

"నీలంవి ఎక్కడ అమ్మారు, నారింజవి ఎక్కడ అమ్మారు?"

ఫిస్క్ నా వైపు చూశాడు. సరుకు పంపేది నేనే కదా. "నీలంవి ఇక్కడా, మానిటోబాలోనూ" అన్నాను. "నారింజవన్నీ విక్టోరియాకి పంపాం."

మానిటోబా మా పక్క రాష్ట్రం, మా అంత మంచూ పడుతుంది. విక్టోరియా అంటే సముద్రం పక్కన ఉన్న ఊరు. అక్కడ మంచు పడితే పేపర్లో ఫోటో వేస్తారు. మా పారలతో వాళ్లు రాలిన ఆకులు ఎత్తుకుంటారు.

ఫెర్న్ భుజం పట్టుకుని, "మళ్లీ నొప్పి మొదలైంది" అని గొణిగింది.

"అయితే నీలంవి ఎందుకు విరుగుతున్నాయంటావ్?" అన్నాడు లోవెల్.

"తెలీదు" అన్నాడు ఓరెస్ట్.

ఆ మాటకు లోవెల్ కుర్చీలో వెనక్కి పడిపోయినంత పని చేశాడు. వాళ్ల తాత కాలం నుంచి ఆ గదిలో మీటింగులు జరుగుతున్నాయి. రేకుల ధర ఎందుకు పెరిగింది, హీటరు ఎందుకు పనిచేయదు, పక్క కంపెనీ ఎందుకు బాగుపడింది, దేనికైనా అక్కడ ప్రతివాడి దగ్గరా సమాధానం ఉండేది. ఈ మాట మాత్రం ఎవరూ వాడలేదు.

"తెలీదా? అలా అనొచ్చా?"

"తెలీనప్పుడు ఇంకేమంటాం? తెలుసుకోవచ్చు గానీ" అన్నాడు ఓరెస్ట్. "ఒకే వీధిలో సగం ఇళ్లకి నీలం, సగం ఇళ్లకి నారింజ ఇద్దాం. ఎవరికి ఏది అన్నది చీట్లు తీసి. తర్వాత చూద్దాం."

"చూసి?"

"చూసేదాకా తెలీదండీ."

ఫిస్క్ తన సామాను సర్దుకుని టొరంటో వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఓరెస్ట్ వైపు ఒక చూపు చూశాడు. అందులో కోపం కన్నా ఇంకేదో ఉందనిపించింది, కానీ నాకు అర్థం కాలేదు.

నవంబరులో మంచు పడగానే ఉత్తరం వైపు ఒక వీధి ఎంచుకున్నాం. నా ఊలు టోపీలో చీట్లు వేసి తీశాం. పారలు పంచాం. ఓరెస్ట్ తన గుడారానికి తెల్ల దుప్పటి కప్పి, వీధి మలుపులో మంచు కుప్పల మధ్య వేసుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను కాఫీలు అందించే పనికి పెట్టారు.

వారం తిరక్కముందే పోలీసులు వచ్చారు. మంచుకుప్ప దగ్గుతోందని ఎవరో ఫోను చేశారట. బలంగా ఉన్న ఒక పోలీసు గుడారం గుడ్డ ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా?"

"మంచు తీసేవాళ్లని చూస్తున్నాను."

"ఎందుకు?"

"వాళ్ల సహజ ప్రవర్తన కోసం."

పోలీసు నా వైపు తిరిగాడు. "మీరెవరు?"

"నేను కాఫీ" అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

"కంపెనీ కాగితం ఉంది" అని ఓరెస్ట్ అందించాడు. పోలీసు చదివాడు, గడ్డం గోక్కున్నాడు, చివరికి మోకాళ్ల మీద లోపలికి దూరి, "ఏం కనిపిస్తుందో నేనూ చూస్తా జరుగు" అన్నాడు. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం.

ఎదురింట్లోంచి ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. చర్చిలో పాటలు పాడే మనిషి, వీధిలో అందరికీ గౌరవం. వాకిట్లో మంచు ముచ్చటగా, మృదువుగా ఎత్తి పక్కన పోసింది. వినియోగదారులంతా మాకు ఫోనులో చెప్పినట్టే. తర్వాత అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరనుకుంది. పారను తిరగేసి, నేలకు గడ్డకట్టుకుపోయిన చెత్తడబ్బా కిందకి దోపి, పిడి మీద రెండు కాళ్లతో ఎక్కి గెంతింది. టప్పుమంది పార. ఆవిడ ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని, బాధగా తల ఊపి, లోపలికి వెళ్లింది. కిటికీలోంచి ఆవిడ ఫోను అందుకోవడం కనిపించింది. ఆ సాయంత్రం మా ఫిర్యాదుల విభాగంలో కొత్త ఫిర్యాదు ఉంది. 'పార దానంతట అదే విరిగింది.'

"అది ఏ రంగు?" అన్నాడు గుడారంలో ఓరెస్ట్, పుస్తకంలో రాసుకుంటూ, తల ఎత్తకుండా.

"నారింజ" అన్నాను.

పోలీసు గొంతు సవరించుకున్నాడు. "నేనైతే మంచులో దిగబడ్డ మా కారు చక్రం కింద పారే పెట్టి తిప్పుతా" అని, ఎవరూ అడక్కుండానే ఒప్పుకుని, మెల్లగా వెళ్లిపోయాడు.

జనవరి దాకా చూశాం. నీలమైనా నారింజైనా ఒకే తీరు. మంచు ఎత్తేటప్పుడు ఏ పారా విరగలేదు. చెత్తడబ్బాలు పెకలించడానికి, మెట్ల మీది మంచుగడ్డలు బాదడానికి, ఒకచోట బావగారి కారు దారికి అడ్డంగా ఉంటే దాని మీద కోపం తీర్చుకోవడానికి వాడినప్పుడు విరిగాయి.

"ఫోన్లు చేసినప్పుడు అందరూ అబద్ధాలు చెప్పారన్నమాట" అన్నాను ఒక మధ్యాహ్నం గుడారంలో.

"అబద్ధాలు కాదు బెర్నీస్. మనిషి చేసేదొకటి, చేశాననుకునేదొకటి. బాతులు అనుకోవు. అంతే తేడా." స్టూలు జరుపుకుని మళ్లీ అన్నాడు. "ఇంతకీ ఇది కూడా ఊరికే చూడ్డమే కదా. లోవెల్ ఏదో పెద్ద విద్య అనుకుంటున్నాడు. నాకే సిగ్గుగా ఉంది."

నాకు ఒళ్లు మండింది. "ఒరే పిచ్చోడా, ఆ రోజు మీటింగులో తెలీదన్నావే, అది ఎక్కడ నేర్చుకున్నావ్?"

"అది నేర్చుకునేదేంటి?"

"ఆ గదిలో నా జుట్టు నెరిసింది. ఒక్కడి నోటా వినలేదు. ఆ మాట అనడం చేతకాకే అనలేదనుకుంటున్నా. ఫిస్క్ గోడ మీద బొమ్మ వేస్తే మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టా. విక్టోరియాకి పంపింది నేనే! అయినా నాకు తట్టలేదు. నీకు ఎలా తట్టింది?"

ఓరెస్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"మొదటి ఏడాది మా పెద్ద ప్రొఫెసరు ముందు ఒకటి చెప్పాను" అన్నాడు. "ముసలి బాతులే గుంపును నడిపిస్తాయని. ఎంతో సంబరంగా చెప్పా. ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది, 'ముసలివి ఎక్కువగా ఒడ్డున కూర్చుంటాయా?' అని. ఒడ్డున ఉన్నవే నాకు బాగా కనిపిస్తాయి. అందుకే అవే ముందు లేచాయనుకున్నా. అందరి ముందూ ఆరు నెలల పని నీళ్లపాలైంది. మరుగుదొడ్లోకి వెళ్లి ఏడ్చాను. తర్వాత ప్రతి వారం అలాగే. ఎవడో ఒకడు లేచి ఎలా తెలుసు, ఎక్కడ చూశావ్, ఇంకోలా ఉండొచ్చు కదా అని. అన్నేళ్లూ అది అవమానం అనుకున్నా బెర్నీస్. నేర్పడం అనుకోలేదు."

ఆ మాట అన్నాక అతని ముఖం ఎలాగో అయిపోయింది. పోగొట్టుకున్నానని ఇల్లంతా వెతికిన కళ్లజోడు ముక్కు మీదే ఉందని తెలిసిన మనిషిలా ఉన్నాడు. ఎదురింట్లో ఎవరో పారతో గ్యారేజీ తలుపు పొడుస్తున్నారు, అటు చూశాం.

ఓరెస్ట్ సలహా మీద కంపెనీ ప్రతి పారకూ జతగా గడ్డలు పగలగొట్టే చిన్న ఇనుప కడ్డీ ఒకటి ఇవ్వడం మొదలుపెట్టింది. పారలు వెనక్కి రావడం దాదాపు ఆగిపోయింది. ఓరెస్ట్‌కు సొంత గది ఇచ్చారు, హీటరు ఉన్న గదే, అంటే నా గదిలో సగం. ఫిర్యాదుల విభాగానికి మనిషి కావాలంటే అతను పాతకాలపు ఐస్‌లాండ్ తగవుల మీద డాక్టరేటు చేసి కాఫీ దుకాణంలో పనిచేస్తున్న అమ్మాయిని తీసుకొచ్చాడు. ఎవడు కోపంతో అరుస్తున్నాడో, ఎవడు పరువు కోసం అరుస్తున్నాడో ఆ పిల్ల ఫోనులోనే చెప్పేస్తుంది. అమ్మకాలవాళ్లు మాత్రం పాఠం తమకు అర్థమైనంతవరకే నేర్చుకున్నారు. అందరూ మడత స్టూళ్లు కొనుక్కున్నారు.

ఆ వసంతంలో పారలన్నిటికీ నారింజ రంగు వేయమని లోవెల్ ఉత్తరువిచ్చాడు. ఓరెస్ట్ ఆయన గదికి వెళ్లాడు.

"రంగుకీ విరగడానికీ సంబంధం లేదని తేల్చాం కదండీ!"

"తేల్చాం. అందుకే ఏ రంగైనా ఒకటే" అన్నాడు లోవెల్. "రంగు డబ్బాలు కిందటేడే వచ్చేశాయి."

ఎటు తిప్పి చూసినా ఆ వాదనలో ఓరెస్ట్‌కు తప్పు కనిపించలేదు. నవ్వుకుంటూ నా గదికి తిరిగొచ్చాడు. మా కంపెనీలో అతను గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

జులైలో ఒక మధ్యాహ్నం మేం తిండికి కూర్చున్నప్పుడు ఫోను మోగింది. గ్రేడన్ ఫిస్క్. ఓరెస్ట్ కంగారుపడి, నాకూ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు ఫిస్క్. గొంతులో ఆ పెన్సిల్ పదును లేదు. "ఆ రోజు ఆ బొమ్మ వేస్తున్నప్పుడు నాకూ అనుమానం వచ్చింది."

"మరి?"

"అడగలేదు. ఎవరూ అడగరు కదా. అడిగితే పని ఆలస్యం అంటారు. ఒకప్పుడు అడిగేవాణ్ణి." అవతల కుర్చీ కిర్రుమంది. "నాదీ డాక్టరేటే. నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము మీద. ఇక్కడ ఎవరికీ తెలీదు. తెలిస్తే పనికిరానివాడు అనుకుంటారని చెప్పలేదు."

ఓరెస్ట్ ఫోను దగ్గరికి జరిగాడు. చేతిలో ఫోర్కు పక్కన పెట్టేశాడు.

"దుమ్ము ఎక్కడిదో ఎలా తెలుసుకునేవాడివి?" అని అడిగాడు.

ఫిస్క్ మొదట తడుముకున్నాడు. తర్వాత ఆపలేదు. తిండి గంట అయిపోయింది, వాళ్ల మాటలు అవలేదు. ఒకడు 'ఇంకోలా ఉండొచ్చు కదా' అంటాడు, రెండోవాడు ఎగిరి గంతేసినట్టు 'అదే నేనూ అనుకున్నా!' అంటాడు. వాళ్లక్క హాలియా పొద్దున్నే లేచి ఆలుగడ్డ కూరి చేసిన పెరోగీలు ఓరెస్ట్ పళ్లెంలో చల్లారిపోతుంటే చూడలేక నేనే తినేశాను.